రెండో గీత

మూత్రంలో గంజాయి ఉందో లేదో చెప్పే పట్టీ మీద రెండు గీతలు వస్తే మనిషి శుభ్రం. ఒక్కటే వస్తే గంజాయి తాగినట్టు. ఈ ముక్క పోలీసులకు నేర్పింది నేనే. గంజాయి ఒంట్లో ఎక్కడ దాక్కుంటుందో, ఎన్నాళ్లుంటుందో తేల్చడానికే పద్దెనిమిదేళ్ల ఉద్యోగం ధారపోశాను. ఈ పట్టీ పనికొస్తుందని సంతకం పెట్టిందీ నేనే.

కోదాడలో స్కూలు బస్సు నడిపే బీరయ్యకు పోలీసుల తనిఖీలో ఒక్క గీతే వచ్చింది. స్కూలువాళ్లు ఆ పూటే తాళాలు లాక్కున్నారు. అతని శాంపిల్ హైదరాబాదులో మా ల్యాబుకొచ్చి, దాని వంతు వచ్చేసరికి ఇరవై రోజులైంది. మా పెద్ద మెషిన్ గంజాయి లేదంది. మళ్లీ పెట్టాను. లేదనే అంది.

రిపోర్టు సూర్యాపేట పోలీసులకు పంపి, ఉండబట్టలేక ఫారంలో ఉన్న నంబరుకి ఫోన్ చేశాను. బీరయ్య భార్య అంజమ్మ ఎత్తింది. నేను ల్యాబు నుంచి సుధనని చెప్పగానే గొంతు తగ్గించింది.

"మేడం, ఆయన హుజూర్‌నగర్‌ల గవే పట్టీలు కొనుక్కొచ్చిండు. రోజు పొద్దుగాల సూసుకుంటడు. ఒక్క గీతే వస్తది. నేనే కూరల గంజాయి కలుపుతున్ననంటడు. ముందుగాల ముద్ద నేను తిని సూపిస్తున్న, అయినా ముడ్తలేడు. కొడవలి పక్కల పెట్టుకొని పంటున్నడు. జర మీరే వచ్చి చెప్పుండ్రి. నాకు భయమైతున్నది."

నాకూ భయమేసింది. ఇలాంటి ఇళ్లలో తర్వాత ఏం జరుగుతుందో పోస్టుమార్టం సీసాల్లో నా బల్ల మీదికి వస్తూనే ఉంటుంది.

మర్నాడే బస్సెక్కాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన, తాగని మనిషికి రోజూ ఎలా వస్తుంది? సంతకం పెట్టేముందు మిర్యాలగూడ రైస్ మిల్లుల దగ్గర రెండు వందల మంది లారీ డ్రైవర్లతో ఈ పట్టీని పరీక్షించాను. మందులేమైనా వాడుతున్నారా అని ఒక్కొక్కరినీ అడిగాను. అందరూ లేదన్నారు. ఆరుగురికి ఒక్క గీత వచ్చింది. ఆ వారం మెషిన్ రిపేరులో ఉంది. లారీ డ్రైవర్లే కదా, తాగే ఉంటారనుకున్నాను. సిగ్గులేకుండా సంతకం పెట్టాను.

కోదాడ పక్కన అనంతగిరిలో ఇంటి ముందు మంచం మీద కూర్చున్నాడు బీరయ్య. బుగ్గలు లోపలికి పోయాయి. కొడవలి పక్కనే ఉంది. అంజమ్మ గడప దాటి రాలేదు. రిపోర్టు అతని చేతికిచ్చాను.

"మీ కాయితం ఒక్కసారి లేదన్నది. ఈ పట్టీ ఇర్వై దినాలసంది ఉన్నదంటున్నది. నేను దేన్ని నమ్మాలె?"

"ఏం తింటున్నరు?"

"దుకాణంల బ్రెడ్డు. చాయ్."

"మందులు?"

"ఏం లేవు" అంటూనే జేబులోంచి గోలీ తీసి నోట్లో వేసుకున్నాడు.

"అదేంది మరి?"

"గ్యాస్ గోలీ. బస్సు తోలవట్టినకాంచి ఏస్కుంటున్న. ఇప్పుడు కడుపు మండి రోజుకు రెండు వడుతున్నయ్."

గంజాయి లేకున్నా పట్టీని మోసం చేస్తున్నది ఇదేనేమో. గ్యాస్ గోలీని మా దిక్కున ఎవరూ మందుల్లో లెక్కపెట్టరు. మాడుగులపల్లి దగ్గర మా తండాలో మా అమ్మ లేవగానే మింగుతుంది. నా బ్యాగులోనూ అవే, నాకూ రోజుకు రెండు. మందుల గురించి అడిగే ఫారం తయారుచేసిన నేనే దాన్ని మందనుకోలేదు.

నేనూ ఇవే వేసుకుంటానని నా గోలీలు తీసి అతనికి చూపించాను. అతని పట్టీల్లోంచే ఒకటి అడిగి, బాత్రూంకి వెళ్లొచ్చి, ముగ్గురి మధ్య గచ్చు మీద పెట్టాను. ఐదు నిమిషాలు ఆగాలి. మొదటి గీత తేలింది. రెండోది రావాలని నా మనసులో ఒక మూల మొక్కుకుంటూనే ఉంది. అది వస్తే నా సంతకం నిలుస్తుంది, ఈ ఇల్లు నిలవదు.

రాలేదు.

బీరయ్య పట్టీ వంక, గోలీల వంక, నా వంక చూశాడు. లేచి కొడవలిని చూరులో చెక్కాడు.

"అన్నం పెట్టు" అన్నాడు, అంజమ్మ మొహంలోకి చూడలేక.

ఆమె పళ్లెం తెచ్చింది. ఇరవై రోజుల అలవాటు, ఎవరూ అడక్కుండానే మొదటి ముద్ద తను తిని అతని ముందు పెట్టింది. బీరయ్య తల వంచుకుని ఏడ్చాడు. తర్వాత కళ్లు తుడుచుకుని అడిగాడు.

"ఈ పట్టీ మంచిదని సెప్పిందెవరు మేడం?"

కోర్టు బోనుల్లో ఎన్నడూ తడబడనిదాన్ని.

"నేనే" అన్నాను.

నాకోసం ఇంకో పళ్లెంలో అన్నం పెడుతున్న అంజమ్మ చెయ్యి ఆగిపోయింది.