సత్తు గిన్నె కింద శాటిలైట్ పెట్టె

ఓడలరేవు వలల పాకలో వార్తలు చదివే పని బంగారరాజుది. ఆ పని అతనికి ఎవరూ ఒప్పజెప్పలేదు. తెల్లారగట్ల వేటకి వెళ్ళిన బోట్లు ఎండెక్కాక ఒడ్డుకి చేరేవి. చేపలు అమ్మకానికి పోయాక, చిరిగిన వలలు ముందేసుకుని మగాళ్ళంతా పాకలో కూర్చునేవారు. చేతులు వల మీద, చెవులు బంగారరాజు ఫోను మీద. అతను వార్త సగం చదివి, మిగతా సగం తన సొంతం కలిపేవాడు. ఎక్కడిదాకా వార్త, ఎక్కణ్ణించి బంగారరాజు అన్నది వినేవాళ్ళకి తేలేది కాదు.

పరాయి దేశంలో ఎవరో షావుకారు పంపిన రాకెట్టు గాల్లో పేలిపోయిందనీ, అయినా కంపెనీవాళ్ళు నిలబడి చప్పట్లు కొట్టారనీ చదివిన రోజున పాక రెండుగా చీలింది. పేలితేనే కదా తప్పు ఎక్కడుందో తెలిసేదని బంగారరాజు వాదించాడు. మరి నీ బోటు మునిగిన రోజున మేమూ చప్పట్లు కొడతాంలే అని అవతలి పక్షం అంది. మనవాళ్ళు ఆకాశంలో రెండు ఉపగ్రహాల్ని ఒకదానికొకటి తగిలించారని చదివితే, అల లేనిచోట రెండు పడవలు కట్టడం ఏమంత గొప్పని ఒక పెద్దాయన చప్పరించేశాడు. ఆయనతో బంగారరాజు ఆ వారమంతా మాట్లాడలేదు. చిన్నపిల్లలకి సోషల్ మీడియా ఆపేస్తూ చట్టం తెస్తారట అన్న వార్త వచ్చినప్పుడు, చేపల బేసిను ఎత్తుకోబోతున్న కనకరత్నం ఆగి, ఒక్క మాట అని వెళ్ళింది.

"పిల్లల సంగతి తరవాత. ముందు యాబై దాటినోళ్ళకి ఆపమని చెప్పరా తమ్ముడూ."

కనకరత్నం బంగారరాజుకి అక్క, సూరయ్యకి భార్య. ఆ సూరయ్య పాకలో ఒక మూల కూర్చుని వల కుట్టుకునేవాడు. నీ అభిప్రాయం ఏంటి బావా అని బంగారరాజు రోజూ అడిగేవాడు. సూరయ్య రోజూ "ఆయ్" అనేవాడు. అది అవునో కాదో, ఊరికే గొంతు సవరించుకోవడమో అర్థంకాక, ఎవరి పక్షంవాళ్ళు దాన్ని తమ లెక్కలో వేసుకునేవారు.

సూరయ్య మాట్లాడకపోవడానికి కారణం ఉంది. మాట్లాడేవాడికి ఎప్పుడో ఒకప్పుడు నోరు జారుతుంది. అతని దగ్గర జారకూడని మాట ఒకటుంది.

ఎప్పుడో తుఫానులో మునిగిన సరుకు ఓడ ఒకటి సముద్రం అడుగున పడి ఉంది. దాని కన్నాల్లో, కడ్డీల మధ్య చేపలు కాపురం పెట్టాయి. అది ఎక్కడుందో సూరయ్యకి వాళ్ళ నాన్న చూపించాడు. ఒడ్డు మీద ఉన్న గురుతులు ఒకదాని వెనక ఒకటి వచ్చేదాకా బోటు నడపాలి. వచ్చాయంటే కింద ఓడ. అంతే. మరెక్కడా చేప పడని రోజున కూడా ఆ ఓడ సూరయ్యని ఉత్త చేతులతో ఇంటికి పంపలేదు. పండుగప్పలు, వంజరాలు ఇచ్చింది. కూతురి చదువూ పెళ్ళీ దాటించింది. నాన్న పోతూ వదిలిన ఆస్తి అదొక్కటే.

ఆ ఓడ ఉందని ఊరంతటికీ తెలుసు. ఎక్కడుందో తెలియదు. బంగారరాజు ఇరవయ్యేళ్ళుగా బావ వెనకాలే బోటు వేసుకుని తిరిగాడు. సూరయ్య అతన్ని అంతర్వేది వైపు లాక్కెళ్ళి, డీజిలు కాల్పించి, ఖాళీగా ఇంటికి తెచ్చేవాడు. బంగారరాజు తన పెళ్ళికి బావ పెట్టే ఉంగరం వద్దన్నాడు, ఓడ చూపిస్తే చాలన్నాడు. సూరయ్య ఉంగరమే పెట్టాడు.

అలాంటి మనిషి బోటుకి పెట్టె వచ్చింది.

పెట్టె కబురు తెచ్చింది ఏంజెల్. ఆమె అల్లవరం పిల్ల, డిగ్రీ చదివి ఊళ్ళో సాగరమిత్రగా పనిచేస్తోంది. చేపల శాఖకీ ఊరికీ మధ్య కబుర్లు మోసే ఉద్యోగం. పాకలో నిలబడి ఆమె ఓపిగ్గా చెప్పింది. తెల్లటి చిన్న పెట్టె, బోటు వెనక కర్రకి బిగిస్తారు. అది ఆకాశంలో ఉపగ్రహంతో మాట్లాడుతుంది. ఫోను పలకని చోట కూడా తుఫాను కబురు తెచ్చి, బోటులో ఉన్న ఫోన్లోకి దించుతుంది. ఆపదొస్తే మీట నొక్కితే చాలు. బోటు ఎక్కడుందో ఇక్కడ తెర మీద చుక్కలా కనబడుతుంది. డబ్బు కట్టక్కర్లేదు. బంగారరాజు పెళ్ళికొడుకులా వెలిగిపోయాడు. అంతరిక్షం తన బోటు దాకా నడిచొచ్చిందని అందరికీ వినబడేలా అన్నాడు.

అప్పుడు సూరయ్య నోరు తెరిచాడు. కుడుతున్న వల మీద చేతులన్నీ ఆగిపోయాయి.

"మేం ఎక్కడున్నామో ఎవరెవరికి కనబడతాదమ్మా?"

"ఆఫీసులో కనబడుతుందండీ, నా ఫోన్లో కూడానండి. ఇంట్లోవాళ్ళు అడిగితే వాళ్ళకీ చూపిస్తానండి బాబాయిగారూ. మీ ప్రాణాలకి భద్రమండి."

"మా బావకి ప్రాణానిదేముందమ్మా," అన్నాడు బంగారరాజు. "ఓడ భద్రంగా ఉంటే చాలు."

పాకంతా నవ్వింది. సూరయ్య మళ్ళీ వల మీదికి వంగాడు. పెట్టె లేని బోటుకి లైసెన్సు కాగితాలు మళ్ళీ రాయరని అప్పటికే ఊళ్ళో అనుకుంటున్నారు. అది నిజమో పుకారో గాని, కనకరత్నానికి ఆ కాగితాల గొడవతో పనిలేదు. మొగుడు ఎక్కడున్నాడో తెలుస్తుందంటే ఆమెకి అంతకన్న కావలసిందేమీ లేదు. పెట్టె బిగించేదాకా ఇంట్లో అన్నం వడ్డించలేదు. బిగించారు.

నాన్న తనకొక్కడికే చెప్పిన మాటని ఆ తెల్ల పెట్టె రోజూ ఆకాశానికెక్కి అరుస్తుంది. సూరయ్యకి నిద్ర పట్టలేదు.

దారి కనకరత్నమే చూపించింది, తనకి తెలియకుండా. ఆమె అమలాపురం మార్కెట్లో చేపలు అమ్మేది. ఫోను తడవకుండా మూతున్న సత్తు గిన్నెలో దాచుకునేది. ఎవరు ఫోను చేసినా అందుబాటులో లేరనే పలికేది. గిన్నెలోంచి తీస్తే మోగేది, పెడితే మూగపోయేది. సూరయ్య అది రెండుసార్లు చూసి, చేపల పులుసు కాచే పెద్ద సత్తు గిన్నె వంటింట్లోంచి బోటులోకి చేర్చాడు. కనకరత్నం ఆ గిన్నె కోసం ఇల్లంతా వెతికి, చివరికి పక్కింటావిడతో మాటలు తగ్గించింది.

అప్పణ్ణించి రోజూ ఇదే తంతు. ఏరు సముద్రంలో కలిసే మొగ దాటి, మిగతా బోట్లు వెనకబడ్డాక, ఓడ ఇంకా కొంత దూరంలో ఉందనగా గిన్నెని పెట్టె మీద బోర్లించేవాడు. వేట అయ్యాక, మళ్ళీ అంత దూరం వచ్చేశాక తీసేవాడు. ఓడ దగ్గరికి ఎప్పుడూ ఒకే వైపునుంచి వెళ్ళకూడదన్నది నాన్న పెట్టిన నియమం. అందుకని ఒకరోజు తూర్పునుంచి, ఒకరోజు పడమటినుంచి, ఒకరోజు బాగా లోతుకిపోయి వెనక్కి తిరిగీ వెళ్ళేవాడు. బోటులో అతనితో ఉండేది అల్లుడు విజయ్ కుమార్ ఒక్కడే. కూతుర్ని ఇచ్చినప్పుడే రహస్యమూ ఇచ్చాడు గనక అతనితో పేచీ లేదు. కానీ గిన్నె అతనికి నచ్చలేదు.

"ఏదన్నా కబురొస్తే ఎలాగండీ మావయ్యా?"

"నీళ్ళు చెబుతాయిలే."

మీ చుక్క మధ్యలో మాయమైపోతోందండి బాబాయిగారూ అని ఏంజెల్ అడిగితే "ఆయ్" అన్నాడు. మెకానిక్కుని పిలిపించింది. అతను పెట్టె విప్పి చూసి, ఇంతకన్న బాగా పనిచేసే పెట్టె జిల్లాలో లేదన్నాడు. బంగారరాజు పాకలో ఉపగ్రహాల తరఫున సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. అంత ఎత్తునుంచి చూస్తే ఒక్కోసారి మబ్బు అడ్డొస్తుందన్నాడు. సూరయ్య తల దించుకుని కుట్టుకున్నాడు. చాలా కాలానికి అతనికి హాయిగా అనిపించింది.

ఒకరోజు ఓడ మీద వంజరం విరగబడింది. వల లాగే కొద్దీ వెండి. నీళ్ళు కొంచెం బరువెక్కుతున్నట్టు సూరయ్య పాదాలకి తెలుస్తూనే ఉంది. ఆగ్నేయం నుంచి అల పొడుగ్గా వస్తోంది. ఇంకొక్క వల, ఇంకొక్క వల అనుకుంటూ ఉండిపోయాడు.

ముందు విజయ్ కుమార్ చూశాడు. ఒడ్డు వైపునుంచి ఒక బోటు వస్తోంది. దాని వెనక రెండు. ఆ వెనక ఎన్నో. నేరుగా ఇటే.

అందరూ కూడబలుక్కున్నారనుకున్నాడు సూరయ్య. పెట్టె గిన్నె కింద కూడా అరుస్తూనే ఉందనుకున్నాడు. వల లాగెయ్, కదిలిపోదాం అన్నాడు. ఇప్పుడు కదిలితే ఏముందండీ మావయ్యా, వచ్చేశారు కదా అన్నాడు అల్లుడు. సూరయ్య నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. బతుకులో ఎవర్నీ అనని మాటలు నోట్లో సిద్ధం చేసుకున్నాడు.

ముందున్న బోటు బంగారరాజుది. బోటు ముక్కు మీద నిలబడి వస్తున్నవాడు, బావ కనబడగానే కూలబడి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

సూరయ్య అప్పుడు ఆ బోట్లలోకి చూశాడు. తాళ్ళున్నాయి. గాలి కొట్టిన లారీ ట్యూబులున్నాయి. ఒక బోటులో నులకమంచం ఉంది.

"వలలేవిరా?" అన్నాడు.

"నిన్ను ఎతకడానికొచ్చేం బావా. వలలెందుకు?"

జరిగింది బంగారరాజు ముక్కు చీదుకుంటూ చెప్పాడు. పొద్దెక్కేసరికి అన్ని పెట్టెల్లోనూ కబురు మోగింది, సాయంత్రానికి గాలి లేస్తుంది, వచ్చేయమని. అందరూ వచ్చేశారు. సూరయ్య బోటు రాలేదు, చుక్కా లేదు. కనకరత్నం వచ్చి ఏంజెల్ పక్కన కూర్చుంది. ఏడవలేదట. పమిట చెంగు మడిచి విప్పి, మడిచి విప్పి అలాగే ఉండిపోయిందట. ఏంజెల్‌కి ఏం చెయ్యాలో తోచక, ఇన్నాళ్ళూ ఏయే చోట్ల చుక్క మాయమైందో అన్నీ ఒకేసారి తెర మీదికి తెప్పించింది. ఆ పిల్లకి అది పెట్టె జబ్బులా కనబడింది. బంగారరాజుకి వేరేగా కనబడింది. చుక్కలన్నీ గుండ్రంగా, సముద్రంలో ఒక చోటు చుట్టూ పేర్చినట్టున్నాయి. మధ్యలో ఒక్కటీ లేదు. అతను ఆ ఖాళీ మీద బొటనవేలు పెట్టి, మా బావ ఇక్కడున్నాడు అన్నాడు.

"ఇరవయ్యేళ్ళు ఎతికేను. నువ్వే చుట్టూ ముగ్గు చుక్కలు పెట్టి చూపించేవు." అంటూనే అతని చూపు బోటు వెనక కర్ర మీదికి పోయింది. "అది మా అక్క గిన్నె కాదా?"

విజయ్ కుమార్ వెళ్ళి గిన్నె ఎత్తాడు. పెట్టెకి ఒక్కసారి ఊపిరొచ్చినట్టయింది. ఆగిన కబుర్లన్నీ ఒకదాని మీద ఒకటి అల్లుడి ఫోన్లోకి దిగాయి. గాలి వస్తోంది, వచ్చేయండి. ఎక్కడున్నా వచ్చేయండి. బాబాయిగారూ, ఒక్కసారి మీట నొక్కండి. ఆఖర్ది అతను గొంతు తగ్గించి చదివాడు. బతికుంటే వెంటనే బయల్దేరమని మీ ఇంటావిడగారు చెప్పమంటున్నారు.

నవ్వు ఒక బోటులో మొదలై అన్ని బోట్లకీ పాకింది. నులకమంచం తెచ్చినవాడు మంచం మీద కూర్చుని మరీ నవ్వాడు. సూరయ్య మూతి కూడా ఒక పక్కకి కదిలింది.

నవ్వు తగ్గాక అతనొకటి గమనించాడు. ఒక్కడూ ఒడ్డు వైపు చూడటం లేదు. అన్ని బోట్లలోనూ అందరూ వీపులు ఒడ్డుకి పెట్టి, ఏమీ లేని సముద్రంలోకి చూస్తున్నారు. ఒడ్డు చూస్తే గురుతులు కంట్లో పడిపోతాయి. ఎవరూ చెప్పకుండానే అలా కూర్చున్నారు.

"నేనేం చూళ్ళేదు బావా," అన్నాడు బంగారరాజు. అతనూ అటే తిరిగి ఉన్నాడు. "ఆ చుక్కలు తీసేయమని ఏంజెలమ్మకి చెప్పేసొచ్చేను. ఎవరి జాగా వాళ్ళదే అన్నాను. దానికి ఒక చట్టం ఉండాలసలు."

కింద ఓడ ఉంది. పైన, గాలి లేస్తుందని తెలిసి కూడా, వలలు లేకుండా వచ్చిన బోట్లున్నాయి. సూరయ్య బోటు అంచు మీంచి వంగి, బంగారరాజు భుజం పట్టుకుని ఒడ్డు వైపుకి తిప్పాడు.

"ఇటు చూడు. గ్యాసు ప్లాంటు మంట కనబడతందా? దాని వెనకాలే చర్చి మీద సిలువ. అటు కరవాక వైపు నీళ్ళ ట్యాంకు, దాని వెనక సెల్ టవరు. అక్కడ నాన్న రోజుల్లో తాడిచెట్టుండేది. ఈ జంటా, ఆ జంటా ఒకేసారి కలిసేయంటే కింద ఓడ. గాలి తగ్గేక వలలు తెచ్చుకోండి."

సూరయ్య అన్ని మాటలు ఒకేసారి అనడం ఊళ్ళో ఎవరూ ఎరగరు. బంగారరాజు తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని ఒడ్డు వైపు చూశాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.

"మసగ్గా ఉంది బావా. ఇంకోసారి చెప్పు."

సూరయ్య ఇంకోసారి చెప్పాడు. ఈసారి వెనక బోట్లదాకా వినబడేలా చెప్పాడు.