అవతలి కుర్చీ

తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తున్నాడు బాబాయ్. షోరూము షట్టరు సగమే లేచింది. దాని కింద నుంచి దూరిన ఎండ, వరసగా నిలబెట్టిన మోటారు సైకిళ్ళ టైర్ల దాకా వచ్చి ఆగిపోయింది. పైన ట్యాంకులు, హ్యాండిళ్ళు, అద్దాలు ఇంకా మసక చీకట్లోనే ఉన్నాయి. ఒక్కో బండికి రెండేసి అద్దాలు. అన్నింటిలోనూ ఒక నెరిసిన తల, ఒక పసుపు గుడ్డ కదులుతున్నాయి. ఆ తలలన్నీ తనవేనని తెలిసినా, వాటిలో ఏదో ఒకటి కాస్త ఆలస్యంగా కదిలినట్టనిపించి వెనక్కి తిరిగి చూశాడు.

ఎవరూ లేరు. ఊడ్చే ఆమె కూడా ఇంకా రాలేదు.

ఆయన అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరి నోటా వినపడదు. తోటివాళ్ళకు బాబాయ్. బండి కొనుక్కుని వెళ్ళినవాళ్ళకు హ్యాండ్లింగ్ బాబాయ్. ఆ పేరు ఊరికే రాలేదు. బండి ధర, ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషను అన్నీ వేశాక కొటేషన్ అడుగున 'హ్యాండ్లింగ్ ఛార్జీలు' అని ఒక వరస ఉంటుంది. అది ప్రభుత్వానికీ పోదు, కంపెనీకీ పోదు. షోరూముకే మిగులుతుంది. బేరమాడేవాళ్ళు తిరిగి తిరిగి చివరికి పట్టుకునేది దాన్నే. ఆ వరసను బాబాయ్ ఏనాడూ ఎవరికీ కొట్టెయ్యలేదు. యజమాని చుట్టాలొచ్చినా సరే, సీటు కవరు ఇస్తాడు, తాళానికి రింగు ఇస్తాడు, టీ తెప్పిస్తాడు, ఆ వరస జోలికి మాత్రం రానివ్వడు.

ఆ రోజు మొదటి బేరం ఒక దర్జీది. మెడలో టేపు తీయడం కూడా మర్చిపోయి వచ్చాడు. వెంట బావమరిదిని తెచ్చుకున్నాడు. మాట్లాడటమంతా బావమరిదే.

"ఈ హ్యాండ్లింగ్ ఏంటండీ? హ్యాండిల్ పట్టుకుని చూసినందుకు కూడా డబ్బులేనా?"

బాబాయ్ నవ్వాడు. ఆ పరాచికం కొత్తది కాదు, కానీ ప్రతిసారీ కొత్తగానే నవ్వుతాడు.

"ఫ్యాక్టరీ నుంచి బండి లారీలో కట్లు కట్టించుకుని వస్తుందండీ. దించాలి, కట్లు విప్పాలి, బ్యాటరీ పెట్టాలి, ఆయిలు చూడాలి, కడగాలి. మీ చేతిలో పెట్టేదాకా చంటిపిల్లని చూసుకున్నట్టు చూసుకోవాలి. అదేనండీ ఇది."

అని, చిన్నగా దగ్గి, పెన్ను మూత మీద బొటనవేలు రాస్తూ కిటికీలోంచి బయటికి చూశాడు. ఇక నోరు విప్పలేదు. ఆయనకు వచ్చిన విద్యంతా ఇదే. ఆ మౌనంలో ఎదుటివాళ్ళు కుర్చీలో కదులుతారు, ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, బండి వంక చూస్తారు. కాసేపటికి ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు. అన్నారంటే అయిపోయినట్టే.

"సర్లెండి, రాయండి" అన్నాడు దర్జీ.

వాళ్ళు లేచి వెళ్ళాక, అవతలి కుర్చీలో అణిగిపోయిన స్పాంజి నెమ్మదిగా పైకి లేచింది. మనిషి లేచి వెళ్ళిన కాసేపటికి మరెవరో కనపడనివాళ్ళు లేచినట్టుంటుంది అది. ఇన్నేళ్ళూ బాబాయ్ దాన్ని గమనించనే లేదు. నెల రోజులుగా మాత్రం అదే పనిగా చూస్తున్నాడు.

నెల క్రితం ఒక నర్సు వచ్చింది. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ వరస గురించి ఓపిగ్గా అడిగింది, ఓపిగ్గా విన్నది, ఓడిపోయింది. కాగితాలు సంచిలో పెట్టుకుంటూ, "మీరెప్పుడైనా ఈ కుర్చీలో కూర్చున్నారా?" అంది. కోపంగా కాదు, ఒంట్లో ఎలా ఉందని రోగిని అడిగినట్టు. "లేదండీ" అన్నాడు బాబాయ్. ఆమె తలూపి వెళ్ళిపోయింది. ఆ రాత్రి నుంచి ఆయనకు నిద్ర సరిగా లేదు. ఇంట్లో అన్నం తింటుంటే భార్య పక్కనుండే ఖాళీ కుర్చీ మీదికి చూపు పోయేది. ఆవిడ రెండు మూడుసార్లు చూసి, "అక్కడెవరికైనా వడ్డించమంటారా?" అని ఎకసెక్కం చేసింది కూడా.

ఆయన బండి కొనాలనుకోవడం అలా మొదలైంది. ఇన్నేళ్ళూ ఆయన రాకపోకలు బస్సులోనే. "ఊరందరికీ బండ్లు అంటగట్టారు, మనింటి ముందు మాత్రం సైకిలు కూడా లేదు" అని భార్య అనని ఏడాది లేదు. వచ్చే ఏడు రేట్లు దిగుతాయని ఆయన చెప్పని ఏడాదీ లేదు. టెస్ట్ రైడు పేరుతో వందల బండ్ల మీద ఆ సందు చివరి దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. సందు మలుపు దాటి మాత్రం ఏ బండీ ఆయన్ని తీసుకుపోలేదు.

మేనేజరుకు ఇవాళ పొద్దున్నే చెప్పాడు. మేనేజరు పకపకా నవ్వాడు. "కొనుక్కో బాబాయ్. కానీ స్టాఫ్ రేటంటూ ఏమీ లేదు. నీ బేరం అల్లుడితో ఆడుకో. నీకు హ్యాండ్లింగ్ తీసేస్తే మాత్రం షోరూము మూసుకోవాల్సిందే."

అల్లుడంటే షోరూములో ఎవరి అల్లుడూ కాదు, తోటి ఉద్యోగి. పెళ్ళయిన వారానికే, పెళ్ళిబట్టల్లోనే ఉద్యోగానికి వచ్చాడు. అప్పటినుంచీ ఆ పిలుపు స్థిరపడిపోయింది. ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. బేరాల బల్ల దగ్గర పనంతా బాబాయ్ పక్కన నిలబడి నేర్చుకున్నవాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బాబాయ్ చొక్కాకున్న బ్యాడ్జీ తీసి సొరుగులో పెట్టాడు. వెనక తలుపులోంచి బయటికి వెళ్ళి, గోడ పక్కగా చుట్టు తిరిగి, ముందు తలుపు తోసుకుని లోపలికొచ్చాడు.

"రండి సార్. మంచినీళ్ళు తీసుకోండి" అంది రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి. గ్లాసు అందించింది. మొహంలోకి చూసే అందించింది. రోజూ పొద్దున్నే ఆయన డబ్బాలోంచి పచ్చడి అడిగి వేయించుకునే పిల్ల. ఆటపట్టిస్తోందేమో అనుకుని బాబాయ్ కాసేపు నిలబడి చూశాడు. ఆ అమ్మాయి నవ్వలేదు. కంప్యూటరు తెర వైపు తిరిగి తన పనిలో పడిపోయింది.

ఆయన వెళ్ళి అవతలి కుర్చీలో కూర్చున్నాడు.

కుర్చీ తను అనుకున్న దానికంటే లోతుగా ఉంది. బల్ల అంచు గుండెల దాకా వచ్చింది. కిటికీ వెలుగు నేరుగా కళ్ళలో కొడుతోంది. బల్ల వెనక కూర్చున్న మనిషి మొహం నల్లగా, అచ్చంగా ఒక తల ఆకారంలా కనిపించింది.

"చెప్పండి సార్. ఏ బండి అనుకున్నారు?" అంది ఆ ఆకారం.

"అదే అల్లుడూ, ఆ బూడిద రంగుది."

"మంచి బండి సార్. చూడగానే పట్టేశారు."

ఆ మాట బాబాయ్‌దే. తను అనేటప్పుడు అందులో ఉండే మెప్పు ఇటు కూర్చుంటే వినపడలేదు. బావిలోకి చెంబు దిగుతున్న చప్పుడులా ఉంది. అల్లుడు కొటేషన్ రాశాడు. వరస తర్వాత వరస పెన్నుతో చూపిస్తూ కిందికి దిగాడు.

"ఇదేంటి, ఈ హ్యాండ్లింగ్?" అన్నాడు బాబాయ్. నవ్వుతూనే అడుగుదామనుకున్నాడు. నవ్వు రాలేదు.

"ఫ్యాక్టరీ నుంచి బండి లారీలో కట్లు కట్టించుకుని వస్తుందండీ. దించాలి, కట్లు విప్పాలి, బ్యాటరీ పెట్టాలి..."

ఒక్క మాట పొల్లుపోలేదు. ఎక్కడ ఆగాలో అక్కడే ఆగాడు. చంటిపిల్ల దగ్గర గొంతు ఎంత మెత్తబడాలో అంతే మెత్తబడింది. చివర చిన్న దగ్గు. ఆ దగ్గు బాబాయ్‌కి ఒక చలికాలంలో పట్టుకుని వదలనిది. దాన్ని అల్లుడెందుకు నేర్చుకున్నాడో, ఎప్పుడు నేర్చుకున్నాడో! తర్వాత అల్లుడి బొటనవేలు పెన్ను మూత మీదికి పోయింది. మొహం కిటికీ వైపు తిరిగింది.

అతని వెనక నిలబెట్టిన బండ్ల అద్దాల్లో, బల్ల మీదికి కొంచెం వంగిన ఒక వీపు వరసగా కనిపిస్తోంది. అది ఎవరి వీపో బాబాయ్‌కి ఒక్క క్షణం తెలియలేదు. 'మా ఇంట్లో అడిగి చెప్తాలే' అన్న మాట పెదాల దాకా వచ్చేసింది. ఎంతమంది నోట విన్నాడో ఆ మాట! వాళ్ళందరూ పిసినిగొట్టులనే అనుకున్నాడు తప్ప, ఇక్కడినుంచి ఎలాగోలా లేచిపోవడానికి అంటున్నారని ఎప్పుడూ అనుకోలేదు.

ఆ మాటను మింగేశాడు. తనూ కిటికీ వైపు చూశాడు.

ఇద్దరూ మాట్లాడలేదు. పైన ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మెల్లగా దూరమైపోయింది. ఎవరో దంపతులు తలుపు తోసుకుని వచ్చారు, ఆ బల్ల వైపు చూశారు, ఏ బండీ ముట్టుకోకుండానే వెళ్ళిపోయారు. ఊడ్చే ఆమె చీపురు పట్టుకుని వచ్చి, కొంచెం దూరంలోనే నిలబడిపోయింది. బల్ల మీది ఎండ జరిగి కొటేషన్ మీదికి ఎక్కి, మళ్ళీ దిగిపోయింది.

"బాబాయ్" అన్నాడు అల్లుడు చివరికి. ఈసారి అది అతని గొంతే. "ఏదన్నా అనండి బాబాయ్. భయమేస్తోంది."

బాబాయ్ ఏమీ అనలేదు. కావాలని కాదు, మాట దొరకలేదు.

అల్లుడు పెన్ను తెరిచి, అడుగు వరస మీద ఒక గీత గీశాడు. హ్యాండ్లింగ్ అన్న అక్షరాల మీదుగా ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది గీత. కాగితాన్ని ఇటు తిప్పి తోశాడు.

గెలిచినందుకు సంతోషంగా ఉంటుందనుకున్నాడు బాబాయ్. ఆ గీత కింద అక్షరాలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. అంత తేలికని తెలియదు. గట్టిగా నొక్కనైనా లేదు. కాసేపు ఊరుకుంటే పోయేదాన్ని పట్టుకుని ఒక జీవితమంతా కాపలా కాశాడు.

"ఇంత సులువుగా తీసేశావేంట్రా" అన్నాడు మెల్లగా.

"మీరే కదా అడిగింది" అన్నాడు అల్లుడు తలెత్తకుండా.

సంతకాలయ్యేసరికి సాయంత్రమైంది. బండిని కడిగి, తుడిచి, తాత్కాలిక నంబరు అతికించి ముందుకు తెచ్చారు. సీటు మీద ప్లాస్టిక్ తీయబోతే బాబాయ్ వద్దన్నాడు. "ఇంటికెళ్ళాక మా ఆవిడ తీస్తుంది. అదొక ముచ్చట" అన్నాడు. ఊడ్చే ఆమె దగ్గరికొచ్చి బండిని కాదు, ఆయన్నే ఎగాదిగా చూసింది.

"అన్నా, ఇందాక మీరు అవతల కూర్చున్నారు కదా. ఇవతల కూడా మీరే కూర్చున్నట్టుందన్నా. నాకు ఒళ్ళు జలదరించింది. మజ్జిగేమైనా తాగి వెళ్ళండి."

"ఇంటికెళ్ళి తాగుతాలేమ్మా."

భార్యకు ఫోను చేశాడు.

"కొనేశాను."

"ఏ రంగు?"

"బూడిద రంగు."

"లోకంలో ఇంకే రంగూ దొరకలేదా మీకు? సరే, మీవాళ్ళు మీకూ హ్యాండ్లింగ్ వేశారా?"

"లేదు. కొట్టేశారు."

ఆవిడ నవ్వుతుందనుకున్నాడు.

"ఏవండీ, మీ గొంతేంటి అలా ఉంది? ఎక్కడో దూరం నుంచి మాట్లాడుతున్నట్టు. ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. వచ్చేస్తున్నా."

"మెల్లగా రండి. గేటు తీసి ఉంచుతాను."

షోరూము గేటు దగ్గర వాచ్‌మన్ తలుపు బార్లా తీశాడు. రోజూ బస్సుకు పోయేటప్పుడు, "ఏం బాబాయ్, ఎన్ని బండ్లు?" అని అడిగేవాడు, ఇవాళ చెయ్యెత్తి సలాం కొట్టి, "మళ్ళీ రండి సార్" అన్నాడు.

సందు మలుపు వచ్చింది. దాటింది. బండి కొత్త గుర్రంలా కాదు, ఎప్పటినుంచో దారి తెలిసినదానిలా మెత్తగా పోతోంది. ఎప్పుడూ బస్సు కిటికీలోంచి చూసే దుకాణాలు, మందుల కొట్టు, మూతబడిన సినిమాహాలు నేలమట్టం నుంచి చూస్తే ఎత్తుగా, పరాయిగా ఉన్నాయి. మొహానికి గాలి కొడుతుంటే హాయిగా అనిపించింది. చిన్నప్పుడు తండ్రి సైకిలు ముందు కడ్డీ మీద కూర్చున్నప్పటి గాలి అది. నవ్వొచ్చింది. ఇది కదా, ఇన్నాళ్ళూ తను జనానికి అమ్మింది.

సిగ్నలు దగ్గర ఆయన ఎక్కే బస్సే పక్కన వచ్చి ఆగింది. అలవాటు కొద్దీ తలెత్తి చూశాడు. డ్రైవరు వెనక మూడో వరస కిటికీ, తను కూర్చునే చోటు. ఎవరో నెరిసిన తలాయన అద్దానికి కణత ఆనించి నిద్రపోతున్నాడు. ఊపిరి తగిలి అద్దం మసకబారింది. మొహం కనపడలేదు. బస్సు కదిలింది. ఆ తల అద్దానికి ఆని అలాగే ఉంది. బస్సు మలుపు తిరిగేదాకా బాబాయ్ చూస్తూనే ఉన్నాడు. వెనక హారన్లు మోగాయి.

సిగ్నలు దాటిన కాసేపటికి ఎడమ భుజం బరువెక్కింది. ఎవరో వెనక కూర్చుని ఆసరాకి చెయ్యి వేసినట్టుంది. అద్దంలో చూశాడు. ఖాళీ సీటు, ప్లాస్టిక్ మీద వీధి దీపాల మెరుపు. బరువు భుజం నుంచి గుండెలోకి దిగింది. గాభరా పడలేదు. కొనేవాళ్ళకు చెప్పే పద్ధతిలోనే ఇండికేటరు వేశాడు, వెనక చూసుకున్నాడు, మెల్లగా పక్కకు తీసి మూసి ఉన్న ఒక కొట్టు ముందు ఆపాడు. స్టాండు వేశాడు. తాళం తిప్పకుండా, హ్యాండిల్ మీది స్విచ్చి నొక్కి ఇంజను ఆపాడు. రెండడుగులు వేసి కొట్టు మెట్టు మీద కూర్చుని, షట్టరుకు వీపు ఆనించాడు.

బండి ఇక్కణ్ణుంచి చూడటానికి బాగుంది. 'నచ్చుతుందిలే మా ఆవిడకి' అనుకున్నాడు. ఒకసారి నిండుగా ఊపిరి పీల్చుకున్నాడు.

నడకకు వచ్చిన ఒకాయన బండి చూసి ఆగాడు. చుట్టూ తిరిగి చూశాడు.

"కొత్తదాండీ? ఆన్‌రోడ్ ఎంత పడింది?"

మెట్టు మీది మనిషి పలకలేదు. చూపు బండి మీదే ఉంది. ఆయన మళ్ళీ అడిగాడు. దగ్గరికొచ్చి వంగి చూశాడు. భుజం పట్టుకుని కదిపి, గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

జనం పోగయ్యారు. ఎవరో బాబాయ్ జేబులోంచి ఫోను తీసి చివరి నంబరుకు చేశారు. అంబులెన్సు వచ్చి, ఎక్కించుకుని పోయింది. భార్య ఆటో నేరుగా ఆసుపత్రికే వెళ్ళింది. నడకకు వచ్చినాయన అందరికీ జరిగింది చెప్పి చెప్పి, చివరికి తనూ ఇంటిదారి పట్టాడు. వీధి ఖాళీ అయిపోయింది.

తాళం సంగతి ఎవరికీ తోచలేదు. మూసిన షట్టరు ముందు, సీటు మీద ప్లాస్టిక్ కూడా తీయని బండి ఒక్కటే, ఎడమ ఇండికేటరు వెలిగి ఆరుతూ, వెలిగి ఆరుతూ ఉంది.