మూడో వంగమొక్క

మా అమ్మాయి నర్సరీలో పనికి చేరి మూడు నెలలయింది. యజమాని ఆరు వంగమొక్కలిచ్చి, "ఇంట్లో పెంచి సోమవారం పట్టుకురా. వాటిని చూశాకే నిన్ను ఉంచుకోవాలో వద్దో చెప్తాను" అన్నాడట. ఆ రోజునుంచీ నా ప్రాణాలు బాల్కనీలోని ఆరు కుండీల్లోనే ఉన్నాయి.

శనివారం పొద్దున చూద్దును కదా, మూడో మొక్క తల వేలాడేసింది. ఆకులు తడిగుడ్డల్లా జారిపోయాయి.

"అయిపోయిందే! వడలు తెగులు! రేపటికి మిగతా అయిదూ పోతాయి. నీ ఉద్యోగమూ పోతుంది."

"అమ్మా, ముందు కాసిని మంచినీళ్లు తాగు."

అమ్మాయి ఆ మొక్క కాడ అడ్డంగా కోసి, ముక్కని గాజుగ్లాసు నీళ్లలోకి వేలాడదీసింది. కోసినచోటునుంచి తెల్లటి జిగురు పాలదారంలా దిగితే బ్యాక్టీరియా తెగులేనట, కుండీ మట్టితో సహా పారెయ్యాలట. నేను గ్లాసుకి ముక్కు ఆనించి కూర్చున్నాను.

"అదిగో తెలుపు! అయ్యో, నేననలేదూ?"

అమ్మాయి చున్నీతో గ్లాసు తుడిచింది. తెలుపు పోయింది.

"నీ ఊపిరమ్మా అది."

గుమ్మం దగ్గర కుర్చీలో మా అత్తగారు కిసుక్కున నవ్వింది. ఆవిడకి వారంనుంచీ గొంతునొప్పి. డాక్టరు పూటకోసారి వేడి ఉప్పునీళ్లు పుక్కిలించమన్నాడు. గ్లాసు చేతికివ్వగానే బుద్ధిగా బాల్కనీలోకి వెళ్లేది.

"నాకు జబ్బు చేస్తే ఇంత కంగారు పడ్డావుటే కోడలా?" అంది.

పావుగంటైనా నీళ్లు తేటగానే ఉన్నాయి. ఈలోగా కుండీ మట్టిమీద తెల్లటి పొర నా కంటబడింది.

"బూజు! ఇక మనందరికీ అంటుకుంటుంది!"

అమ్మాయి దాన్ని వేలితో తీసి ముక్కు దగ్గర పెట్టుకుందో లేదో, అత్తగారు కుర్చీలోంచి లేచింది.

"ఛీ, నోట్లో పెట్టకే! అంతా ఉప్పు!"

ఇద్దరం ఆవిడకేసి తిరిగాం.

"ఉప్పని నీకెలా తెలుసు నానమ్మా?"

అత్తగారు ఫ్యానుకేసి చూసింది. "ఆ నీళ్లు నోట్లో పోసుకుంటే డోకొస్తుందే. అయినా ఒక్కదాన్లోనే పోశానమ్మా, ఆరింట్లోనూ పోశానా?"

సోమవారం అమ్మాయి బతికిన అయిదింటినీ, చచ్చినదాన్నీ పట్టుకెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పింది. కంగారుపడి అన్నీ పీకెయ్యకుండా కారణం వెతికిందని యజమాని దాన్ని ఉంచేసుకున్నాడు. మీ నానమ్మని మాత్రం నర్సరీకి తీసుకురావద్దన్నాడట.

అందరూ నవ్వుతున్నారు. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. పుక్కిలించకుండానే ఆవిడ గొంతునొప్పి ఎలా తగ్గింది? లోపల ముదురుతోందేమో! డాక్టర్నడిగితే ఇంకో వారం పుక్కిలించమన్నాడు. ఇకనుంచి నా కళ్లముందే కానివ్వమన్నాను.

"అలాగేలేవే" అంది అత్తగారు, బాల్కనీలోని నా గులాబీ కుండీకేసి చూస్తూ.