పాత నంబరు మీద ఆమె గొంతు

తడి టవల్ మంచం మీద వేయొద్దని శశికళ ఆ పొద్దున కూడా చెప్పింది. రాజీవ్ "ఆఁ ఆఁ" అని, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా, టవల్ తీసుకెళ్ళి మంచం మీదే వేశాడు. కాపెల్ అనే ఊళ్ళోని ఆ ఇంట్లో ఆమె మాటకి జరిగే మర్యాద అంతే. మొదటిసారి చెప్పింది గాలికి పోతుంది. రెండోసారి చెబితే "విన్నాలే" అంటారు. మూడోసారికి గొంతు కాస్త లేస్తుంది కాబట్టి అప్పుడు మాత్రం అందరికీ శుభ్రంగా వినబడుతుంది. "ఎందుకలా అరుస్తావ్?" అంటాడు రాజీవ్. "అమ్మా, యూ ఆర్ సో లౌడ్," అంటుంది పదేళ్ళ అనిక. లంచ్ బాక్స్ బ్యాగ్‌లోంచి తీసి సింక్‌లో వేయమని, గరాజ్ తలుపు మూయమని, ఏసీ ఫిల్టర్ మార్చాలని, అనికకి మంగళవారం డెంటిస్ట్ ఉందని చెబుతూనే ఉండాలి. పెళ్ళయిన దగ్గర్నుంచి తను ఆ ఇద్దరితో అన్న మాటలన్నీ పోగేస్తే కొత్తవి గుప్పెడుంటాయేమో. మిగతావన్నీ మళ్ళీ చెప్పినవే.

ఒక్క చోట మాత్రం ఆమె ఏదైనా ఒక్కసారి చెబితే చాలు. అది తోరణం రేడియో. పేరు ఘనంగా ఉంటుంది గానీ, అదంతా పక్క ఊరు ఇర్వింగ్‌లో భీమశంకరంగారి టాక్స్ ఆఫీసు వెనక గది. అక్కడ రోజూ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండింటి దాకా శశికళ "భోజనాలయ్యాయా?" అని ఒక ప్రోగ్రాం చేస్తుంది. డిపెండెంట్ వీసా మీద వచ్చి, ఉద్యోగం చేయడానికి పర్మిషన్ లేని రోజుల్లో వాలంటీర్‌గా మొదలుపెట్టింది. తర్వాత పర్మిషన్ వచ్చింది. వాలంటీర్ అన్న మాట మాత్రం ఆమెని వదిలిపెట్టలేదు. ఫోన్ చేసేవాళ్ళు చాలావరకు ఆడవాళ్ళే. స్కూల్ పికప్ లైన్‌లో కారాపుకుని కొందరు, ఆఫీస్ పార్కింగ్‌లో అన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని కొందరు. పేరు చెప్పని ఒకావిడ బుధవారం బుధవారం చేసేది. "ఏం లేదండీ, ఊరికే," అని మొదలుపెట్టి, ఊరికే కానివి ఎన్నో చెప్పేది.

ఆ గదికి ఒక తలుపుంది. తలుపు మీద ఎర్ర బల్బుంది. బల్బు వెలిగి ఉంటే ఎవరూ లోపలికి రాకూడదు. ఇంట్లో బాత్‌రూమ్ తలుపేసుకున్నా అవతలి నుంచి "శశీ, నా చార్జర్ చూశావా?" అని వినబడుతుంది. చార్జర్ కళ్ళ ముందే ఉంటుంది, ఉన్న వస్తువు ఉన్నచోట ఉందని చెప్పడానికి కూడా ఆమే కావాలి. అలాంటి మనిషికి ఆ ఎర్ర బల్బంటే ఎంత ప్రేమో ఎవరితో చెప్పుకుంటుంది? బల్బు వెలగ్గానే ఆమెకి భుజాలు కిందికి దిగేవి. అప్పటిదాకా అవి పైకి బిగుసుకుని ఉన్నాయని అప్పుడే తెలిసేది.

ఇంట్లోవాళ్ళకి అది ఆమె పని కాదు, సరదా. అందుకని ఆ సరదాకి ముందే రాత్రి వంట కూడా చేసి పెట్టి వెళ్ళేది. అత్తగారు లక్ష్మిగారు వచ్చి ఆరు నెలలుండి, వెళ్ళే రోజున సూట్‌కేస్ పక్కన నిలబడి, "రేడియోలో నవ్వినట్టు ఇంట్లో కూడా నవ్వొచ్చుగా అమ్మా," అన్నారు. పార్టీల్లో రాజీవ్ ఆమె భుజం మీద చెయ్యేసి, "మా ఆవిడ ఆర్‌జే అండీ. ప్రాబ్లెం ఏంటంటే ఇంట్లో ఆఫ్ బటన్ లేదు," అంటాడు. అందరూ నవ్వుతారు. శశికళ కూడా నవ్వుతుంది. నవ్వకపోతే తిరిగొచ్చేటప్పుడు కార్‌లో "ఒక జోక్ కూడా తీసుకోలేవా?" అన్నదానికి జవాబు చెప్పుకోవాలి. అది ఇంకా పెద్ద పని.

రాజీవ్ చెడ్డవాడని ఎవరూ అనరు. శశికళ కూడా అనదు, అదే ఆమెకొచ్చిన చిక్కు. తాగడు, తిట్టడు, డిష్‌వాషర్ నింపుతాడు, నింపానని చెబుతాడు. ఇంటిపనిలో భార్యకి హెల్ప్ చేస్తాడని స్నేహితుల్లో మంచి పేరుంది. హెల్ప్ అంటే ఆ పని మొదటి నుంచీ ఆమెదేనని కదా. కొట్టేవాడైతే నలుగురూ ఆమె వైపు వచ్చేవాళ్ళు. ఇంత మంచివాడి పక్కన ఊపిరాడటం లేదంటే ఆమెకే ఏదో అయిందనుకుంటారు. ఒక్కోసారి ఆమె కూడా అలాగే అనుకునేది.

ఆ రాత్రి భోజనాల దగ్గర, పప్పు వడ్డించుకుంటూ చెప్పాడు రాజీవ్. "భీమశంకరం అంకుల్ కాల్ చేశారు. మీ స్టేషన్ ఫ్రీక్వెన్సీ మారుతోందట."

శశికళ చేతిలోని అప్పడం అలాగే ఉండిపోయింది. "నీకు చేశారా?"

"ఆఁ. ఎవరో స్పానిష్ స్టేషన్ వాళ్ళతో స్వాప్ అట. వాళ్ళ నంబర్ మనకి, మన నంబర్ వాళ్ళకి. వాళ్ళ టవర్ మనవాళ్ళుండే ఫ్రిస్కో వైపు ఉంది, మన టవర్ వాళ్ళ జనం ఉండే వైపు ఉంది. సో, బోత్ విన్. ఫార్మాట్ కూడా మొత్తం మార్చేస్తున్నారట. ఆఫ్టర్‌నూన్ షోస్ అన్నీ తీసేసి ఆటోమేటిక్‌గా పాటలు, రియల్ ఎస్టేట్ టాక్ షోలు వేస్తారట. నువ్వొకసారి వెళ్ళి ఏదో అనౌన్స్‌మెంట్ రికార్డ్ చేసి రావాలి. గురువారం వస్తుందని చెప్పాను."

"మరి నా ప్రోగ్రాం?"

"అదే చెప్తున్నా కదా, ఆఫ్టర్‌నూన్స్ లేవు." చారు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. "మంచిదే అయింది శశీ. రోజూ ఆ హడావుడి ఎందుకు నీకు? కొన్నాళ్ళు రెస్ట్ తీసుకో."

రెస్ట్ తీసుకో అన్నాక పెరుగు కావాలన్నాడు. ఆమె లేచి ఫ్రిజ్ తలుపు తెరిచి, ఆ చల్లటి వెలుతురులో, పెరుగు కనబడుతూనే ఉన్నా, కాసేపు అలాగే నిలబడింది. ఏడుపొచ్చింది. రోజుకొక్క గంట. ఇరవైమూడు గంటలు వాళ్ళకే ఇచ్చి, ఒక్క గంట ఉంచుకుంది. అది ఎవరికో అడ్డమొచ్చిందని కూడా కాదు, టవర్ అటున్నందుకూ జనం ఇటున్నందుకూ పోయింది. ఎవరి మీద కోప్పడాలో తెలియని కోపం మరీ పాడుది, ఎటూ పోక లోపలే తిరుగుతుంది. "శశీ, పెరుగు," అన్నాడు రాజీవ్. అది రెండోసారి అనడం.

గురువారం ఇర్వింగ్ వెళ్ళింది. భీమశంకరంగారు వైర్ల మధ్య కూర్చుని ఉన్నారు. అరవై దాటిన మనిషి, పొద్దున్నే విభూతి పెట్టుకుని సాయంత్రం దాకా లెక్కలు చూస్తారు. ఆమెని చూసి సంతోషంగా లేచారు.

"రా తల్లీ. చిన్న పని. పాత నంబరు మీద పది రోజులపాటు ఒకటే అనౌన్స్‌మెంట్ తిరుగుతుంది. ఒకసారి మన తెలుగు, ఒకసారి వాళ్ళ స్పానిష్. రాత్రీ పగలూ అదే. అలవాటుకొద్దీ పాత నంబరు పెట్టేవాళ్ళకి ఎటు రావాలో తెలియాలి కదా. నీ గొంతైతే అందరూ గుర్తుపడతారు."

ఇల్లు ఖాళీ చేశాక ఒక మనిషిని గుమ్మంలో నిలబెట్టి, వచ్చినవాళ్ళకి కొత్త అడ్రసు చెప్పమన్నట్టుంది. ఆ కొత్త ఇంట్లో ఆ మనిషికి చోటు లేదు. ఆయన ఇచ్చిన కాగితం ఆమె అందుకుంది. ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగింది. "మరి పొద్దున్న ఎవరు చేస్తారంకుల్?"

"అదే తలనొప్పిగా ఉంది. సోమవారం నుంచి ఆరు టు తొమ్మిది, ఆఫీసులకి వెళ్ళేవాళ్ళంతా కార్లలో వినే టైము. దానికి నువ్వే అనుకున్నాను. ఈసారి జీతం కూడా పెట్టాను. నీకు కుదరదన్నావు కదా, సరే, నీరజ్ వచ్చి కొన్నాళ్ళు పాటలు వేస్తానన్నాడు."

"నేనెప్పుడన్నాను?"

భీమశంకరంగారు కళ్ళజోడు తీశారు. "రాజీవ్ చెప్పాడుగా. పొద్దున్న పాప లంచ్ బాక్సు, బస్సు, నీకు వీలుకాదని. అడిగి చెబుతాడేమోనని ఆగాను కూడా. అక్కర్లేదంకుల్, నాకు తెలుసుగా అన్నాడు."

"నాకెందుకు చేయలేదు ఫోన్?"

"నువ్వు వంటలో ఉంటావేమోనని," అన్నారాయన, చాలా మంచితనంగా.

శశికళ ఎర్ర బల్బున్న గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. కుర్చీలో కూర్చుంది. మైక్ దగ్గరికి లాక్కుంది. మొన్న పప్పు వడ్డించుకుంటూ చెప్పిన మనిషికి ఇదంతా తెలుసు. తెలిసే రెస్ట్ తీసుకోమన్నాడు, తెలిసే పెరుగడిగాడు. ఒక అబద్ధమైనా ఆడలేదు, కాస్త మిగుల్చుకుని చెప్పాడంతే. ఇప్పుడే కారెక్కి వెళ్ళి అడుగుదామా? అడిగితే ఏమంటాడో ఆమెకి అక్షరం పొల్లుపోకుండా తెలుసు. "నీ మంచికే కదా శశీ." "అనిక గురించి ఆలోచించావా?" "ఇంత చిన్న విషయానికి ఇంత ఇష్యూ అవసరమా?" రాజీవ్ తొమ్మిదిన్నరకి గానీ లాప్‌టాప్ తెరవడు. స్కూల్ బస్సు వాకిలి ముందే ఆగుతుంది. ఒక డబ్బాలో ఇంత అన్నం పెట్టి, పిల్లని ఆ బస్సు ఎక్కించడం అతని వల్ల అవుతుందా లేదా అన్న ప్రశ్న అసలు పుట్టనే లేదు. ఆమెకి కుదరదు అన్న జవాబు మాత్రం పుట్టేసింది. ఇన్నేళ్ళూ తన మాట ఎవరూ వినడం లేదని బాధపడింది గానీ, తన తరఫున ఇంకొకరు మాట్లాడేస్తుంటారని ఆమెకి తోచలేదు.

అద్దం అవతల భీమశంకరంగారు చెయ్యెత్తారు. ఎర్ర బల్బు వెలిగింది.

కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివింది. ఆయన బొటనవేలు చూపించి బల్బు ఆపబోయారు. "ఇంకొక్కసారి చేద్దామంకుల్," అంది. కాగితం బోర్లించింది.

"నమస్కారం. తోరణం రేడియో ఈ నంబరు నుంచి వెళ్ళిపోయింది. తొమ్మిది వందల ఇరవైకి రండి. నేను శశికళని. సోమవారం నుంచి రోజూ పొద్దున ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా నేనక్కడ ఉంటాను."

భీమశంకరంగారు హెడ్‌ఫోన్స్ మెడ మీదికి దించుకుని తలుపు తీశారు. బల్బు ఇంకా వెలుగుతూనే ఉంది. "అమ్మాయ్... రాజీవ్‌తో మాట్లాడావా?"

"రాజీవ్‌తో మీరు మాట్లాడారుగా అంకుల్. ఇప్పుడు నాతో మాట్లాడండి."

ఆయన కాసేపు విభూతి చెరిగేలా నుదురు రుద్దుకున్నారు. ఇబ్బంది పడ్డారు, అది కనిపించింది. ఆమె ఆ ఇబ్బందిని తీర్చడానికి నవ్వలేదు, పరవాలేదులెండి అనలేదు. చివరికి, "సోమవారం ఐదున్నరకి తలుపు తీసి ఉంచుతాను," అని ఆమె మొదట చదివింది తుడిచేశారు.

ఇంటికొచ్చేదాకా శశికళ కార్‌లో తగాదా పడుతూనే ఉంది, ఒక్కతే, గట్టిగా. అడగాల్సినవన్నీ అడిగింది. వాకిట్లోకి వచ్చేసరికి అలసిపోయింది. ఆ సాయంత్రం రాజీవ్ సోఫాలో లాప్‌టాప్ పెట్టుకుని ఉంటే ఎదురుగా నిలబడి, మామూలు గొంతుతో చెప్పింది. "సోమవారం నుంచి నేను పొద్దున షో చేస్తున్నాను. ఐదింటికే వెళ్ళిపోతాను. అనిక లంచ్ బాక్స్, బస్సు నువ్వు చూసుకోవాలి."

"ఆఁ ఆఁ," అన్నాడు రాజీవ్. స్క్రీన్ మీద ఏదో చూసి నవ్వుకున్నాడు. అనిక హెడ్‌ఫోన్స్ తీయనే లేదు.

రెండోసారి చెప్పడానికి నోరు దానంతటదే తెరుచుకుంది. పాత అలవాటు. శశికళ మూసుకుంది. లోపలికి వెళ్ళి, మంచం మీద టవల్ కనబడితే, దాన్ని కూడా తీయలేదు.

శనివారం మధ్యాహ్నం ఫ్రిస్కోలో ఎవరి పిల్లాడిదో బర్త్‌డే. రాజీవ్ డ్రైవ్ చేస్తున్నాడు. వెనక సీట్లో అనిక గిఫ్ట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పాటలు విందామని అతను ఎప్పటిలాగే మొదటి బటన్ నొక్కాడు. అది తోరణం నంబరు, కారు కొన్న రోజున శశికళ పెట్టుకున్నది.

స్పీకర్లోంచి ఆమె గొంతొచ్చింది. గరగర మధ్యలో, తొందర లేకుండా వచ్చింది. "నేను శశికళని. సోమవారం నుంచి రోజూ పొద్దున..."

"అమ్మా, ఇట్స్ యూ!" అంది అనిక.

రాజీవ్ రోడ్డు మీంచి తల తిప్పి ఆమెని చూశాడు, మళ్ళీ రోడ్డుని చూశాడు. స్టీరింగ్ మీద చేతులు బిగిశాయి. "ఏంటిది? సోమవారం ఏంటి? నాతో ఎప్పుడు చెప్పావ్?"

"గురువారం."

"నాకేం వినబడలేదు. మళ్ళీ చెప్పు, అసలు ఏమంటున్నావ్?"

 సోమవారం పొద్దున ఈ ఇల్లెలా ఉంటుందో ఆమెకి తెలియదు, ఆ తర్వాతి రోజుల సంగతి అసలే తెలియదు. రేడియోలో ఎవరో స్పానిష్ ఆవిడ, ఇక తమ నంబరు ఇదేనని తన జనానికి చెబుతోంది. శశికళ చేతులు ఒళ్ళో పెట్టుకుని, నోరు విప్పకుండా కూర్చుంది. ఆవిడ చెప్పడం అయిపోగానే మళ్ళీ తన గొంతే వస్తుంది.