ఎండ తిన్న తంగూసు

గాలం కొనడానికి వచ్చినవాడు ముందు ఎర సంగతి అడుగుతాడు. పిడుగురాళ్లలో పద్నాలుగేళ్లుగా సైకిల్ షాపు నడుపుతూ, అందులోనే ఒక గోడకి గాలాల సామాను వేలాడదీసి అమ్ముతున్న హయాత్‌కి ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. రైల్వే గేటు దగ్గరి మనిషైనా, సిమెంటు ఫ్యాక్టరీ ఇంజనీరైనా నోరు తెరిస్తే మొదటి మాట అదే. ఇంజనీర్లయితే మరీ చోద్యం. ఎరగా వేసే రబ్బరు కప్పని అరచేతిలో పెట్టుకుని ఆకుపచ్చది తీసుకోవాలా, పసుపుది తీసుకోవాలా అని అరగంట తేల్చుకోలేరు, అదేదో పెళ్లిచూపులైనట్టు. కొర్రమీనుకి రంగుతో పనిలేదు బాబూ, నీటిమీద కప్పలా గెంతితే చాలు, అంటే వినరు. చివరికి చెన్నై నుంచి తెప్పించిన ఖరీదైన కప్పని కొనుక్కుపోతారు. చేపలు మాత్రం హయాత్ పాత హవాయి చెప్పులు కోసి చేసిన కప్పలకే పడేవి.

ఎర తర్వాత రాడ్డు. కొన వంగేది కావాలి, చేప ముట్టిందో లేదో చేతికి తెలియాలి కదా. ఆ తర్వాత రీలు. గాలానికి కట్టే నైలాను దారం, తంగూసు, దాని సంగతి అన్నిటికంటే చివర అడుగుతారు. అడిగినా సన్నదే అడుగుతారు, లావు తంగూసు చేపకి కనిపిస్తుంది కాబట్టి.

రెండువేల రెండు జూలైలో ఒక శనివారం పూట త్రినాథ్ వచ్చి ఎర అడగలేదు.

త్రినాథ్ సున్నపురాయి క్వారీల కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. ముప్పై దాటని మనిషి. దాచేపల్లి వైపు నుంచి వచ్చి రెండు నెలలే అయింది. అంతకుముందున్న సూపర్‌వైజరు ఒకరోజు చెప్పాపెట్టకుండా మానేసి వెళ్లిపోయాడు. త్రినాథ్ మోటార్ సైకిల్ దిగి, చేతిలో సెల్‌ఫోను తిప్పుకుంటూ గోడమీది రాడ్లని కాసేపు చూశాడు.

"అన్నిటికంటే గట్టిది ఏదోయ్?"

"ఏ చేపకండీ?"

"పెద్ద చేపకే."

హయాత్ ఏడడుగుల రాడ్డు తీసి, కొన పట్టుకుని వంచి చూపించాడు. త్రినాథ్ తల అడ్డంగా ఊపాడు. ఇలా వంగేది వద్దన్నాడు. మూలన బూజుపట్టి ఉన్న సముద్రపు రాడ్డు మీద అతని కన్ను పడింది. వాడరేవు ఒడ్డున నిలబడి అలల్లోకి విసిరే రకం అది, మూడేళ్లుగా ఎవరూ ముట్టుకోలేదు. దానికి తగ్గ పెద్ద రీలు తీసుకున్నాడు. ఎర అక్కర్లేదు, మూడుకొక్కేల గాలాలు నాలుగు కలిపి ఒక గుత్తిలా కట్టి కింద సీసం గుండు వెయ్యమన్నాడు.

"ఎర లేకుండా ఎలాగండీ?"

"దానికి ఎర అక్కర్లేదులే. తగులుకుంటే చాలు."

అప్పటికీ హయాత్ నవ్వుతూనే ఉన్నాడు. ఎక్కడ పడతారండీ అని అడిగాడు. నాలుగో నంబరు క్వారీలో, అన్నాడు త్రినాథ్. సోమవారం పొద్దున ఫ్యాక్టరీ వాళ్లు మోటార్లు పెట్టి నీళ్లు తోడేస్తారట. ఈలోగా ఒకసారి చూద్దామని.

హయాత్ ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది.

నాలుగో నంబరు క్వారీ అంటే బాషా. హయాత్ చెల్లెలు షహనాజ్ మొగుడు. పక్కనున్న ఐదో నంబరు క్వారీలో రాళ్లకి బెజ్జాలు వేసే డ్రిల్లరు. పని దిగగానే, తవ్వకం ఆగి నీళ్లు నిండిన నాలుగో నంబరులో గాలం వేసి కూర్చునేవాడు. అందుకని పనికి పోతూ రాడ్డు కూడా పట్టుకుపోయేవాడు. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం పనికి పోయినవాడు ఇంటికి రాలేదు. మర్నాడు కాంట్రాక్టరు మనుషులే వచ్చి చెప్పారు: కూలి డబ్బుల దగ్గర గొడవపడి మధ్యాహ్నమే వెళ్లిపోయాడట, కందుకూరు వైపు పొగాకు పనిచేసే ఆవిడెవరితోనో హైదరాబాదు బస్సెక్కడం చూశారట. ఊరు ఆ మాట నమ్మింది. ఇలాంటి మాట నమ్మడానికి ఊరికి పెద్ద కష్టమేం ఉంటుంది?

షహనాజ్ మాత్రం ఒకటే అనేది. "లేచిపోయేవాడు గాలం పట్టుకుపోతాడా అన్నా? అది ఇంట్లో లేదు, క్వారీలో లేదు." నెల, రెండు నెలలు అంది. తర్వాత అనడం మానేసింది. నీళ్ల పంపు దగ్గర ఆడవాళ్లు తనని చూసి గొంతు తగ్గించుకోవడం, మొగుడు వదిలేసిన మనిషని చుట్టాలు జాలిపడటం, అన్నీ మింగి సున్నపు బట్టీలో పనికి పోతోంది. ఆమెకి బాషా బతికున్నాడా అన్నదానికంటే, తనని వదిలి పోయాడా అన్నదే పెద్ద ముల్లు. హయాత్‌కి అది తెలుసు. గాలం మాట ఎంత నిజమో కూడా తెలుసు. తెలిసీ ఐదు నెలలు నోరెత్తలేదు. కాంట్రాక్టరు జీపు బజారులో పోతుంటే తలొంచుకుని పంక్చర్లు వేసుకున్నాడు. భయం, అంతే. దానికి ఇంకో పేరు పెట్టడం ఎందుకు?

"తంగూసు ఏది?" అన్నాడు త్రినాథ్.

హయాత్ మాట్లాడేలోపే అతను బయట వసారాకి వేలాడుతున్న చుట్టని చూపించాడు. అన్నిటికంటే లావుది, నీలంగా మెరుస్తూ ఉంటుంది. షాపుకి గుర్తుగా రెండేళ్ల కిందట కట్టింది. పిడుగురాళ్ల ఎండలో రెండు వేసవులు ఎండిన తంగూసు. పైకి కొత్తదానిలానే ఉంటుంది, బరువు పడితే పుటుక్కున తెగుతుంది. అది అడిగిన ప్రతివాడికీ హయాత్ ఒకే మాట చెప్పేవాడు: "అది చూడ్డానికేనండీ, ఎండ తినేసింది. మంచిది లోపల పెట్టెలో ఉంది." పద్నాలుగేళ్లలో చెడ్డ సరుకు తెలిసి అమ్మలేదని అతనికి కాస్త గర్వం కూడా.

ఇప్పుడు ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

క్వారీలోకి ఈతగాళ్లని దింపితే ఊరు చూస్తుంది. క్రేను తెస్తే ఊరు చూస్తుంది. గట్టుమీద గాలం పట్టుకున్నవాణ్ని ఎవరు చూస్తారు? సోమవారంలోగా బాషా శవం పైకొచ్చి ఇంకెక్కడికో పోతే, షహనాజ్ చచ్చేదాకా వదిలేసిన మనిషే. నీళ్లడుగునే ఉంటే, సోమవారం ఊరంతా చూస్తుంది.

"అదేనండీ అన్నిటికంటే గట్టిది," అని హయాత్ నిచ్చెనేసుకుని దాన్ని దింపాడు.

రీలుకి చుట్టి ఇచ్చాడు. త్రినాథ్ డబ్బిచ్చి బండెక్కబోతూ ఆగాడు.

"నాకు విసరడం రాదు. రేపు పొద్దున నువ్వొచ్చి చూపించు."

రానంటే అనుమానం వస్తుందని హయాత్ సరేనన్నాడు.

ఆదివారం ఎండెక్కకముందే ఇద్దరూ నాలుగో నంబరు గట్టుమీద ఉన్నారు. మూడు వైపులా నిలువుగా కోసిన రాయి, ముప్పై అడుగుల కింద ఆకుపచ్చ నీళ్లు. నాలుగో వైపు ఒకప్పుడు లారీలు దిగిన బాట నీళ్లలోకి జారుతుంది. పక్షి కూడా లేదు. త్రినాథ్ ఆ బాట అంచున నిలబడి ఎదురు గోడవైపు వేలు చూపించాడు.

"అక్కడ, ఆ తెల్లచార కింద. అక్కడ పడాలి."

"అక్కడ చేప ఉందని ఎవరన్నారండీ?"

"చెప్పారులే."

ఆ గొంతులో ఆజ్ఞ కంటే భయమే ఎక్కువ వినిపించింది. ఇతనికీ పూర్తిగా తెలియదు, తెలుసుకోవాలనీ లేదు, అనుకున్నాడు హయాత్. జాలి మాత్రం కలగలేదు.

విసిరాడు. సీసం గుండు మునిగింది. తంగూసు వదులయ్యేదాకా ఆగి, మెల్లగా లాగాడు. ఏమీ లేదు. మళ్లీ విసిరాడు. ప్రతిసారీ ఖాళీ కొక్కేలు నాచుతో పైకొస్తుంటే, హయాత్ లోపల దేవుడికి మొక్కుకుంటున్నాడు, తగలకూడదని ఒకసారి, తగలాలని ఒకసారి. ఎనిమిదోసారి రాడ్డు ఆగిపోయింది. రాయి కాదు. రాయైతే లాగినా కదలదు. ఇది ఒక్క జానెడు జరిగింది.

"నాకివ్వు," అని త్రినాథ్ రాడ్డు లాక్కున్నాడు.

అతను వెనక్కి నడుస్తూ లాగాడు. తంగూసు బిగిసి సన్నగా మోత పెట్టింది. ఎదురు గోడ దగ్గర నుంచి నీళ్ల మధ్యదాకా బుడగలు వరసగా పైకి లేచాయి. తర్వాత నీలం టార్పాలిన్ మూల ఒకటి నీటి కిందనుంచి తేలింది. దానిచుట్టూ పసుపు వైరు చుట్టి ఉంది, క్వారీ రాళ్లలో తూటాలు పేల్చడానికి వాడే వైరు. ఆ చుట్టల మధ్య ఒక రాడ్డు దూర్చి ఉంది. దాని పిడికి ఎర్రటి సైకిల్ ట్యూబు చుట్టి ఉంది.

ఆ ట్యూబు చుట్టింది హయాత్ చేతులే. చెమటకి పిడి జారుతోంది బావా, అని బాషా తెచ్చిస్తే, ట్యూబు కోసి, జిగురు పూసి, మూడు వరసలు చుట్టి ఇచ్చాడు. మూడో వరస కాస్త వంకర పోయింది. ఆ వంకర కూడా కనిపించింది.

తంగూసు తెగింది. త్రినాథ్ వెల్లకిలా పడ్డాడు. టార్పాలిన్ ఒకసారి పక్కకి ఒరిగి, ఏ తొందరా లేనట్టు కిందికి పోయింది. నీళ్లు మళ్లీ సాపయ్యాయి.

త్రినాథ్ లేచి, తెగిన కొస వేళ్లతో నలిపి చూశాడు. అది ఇంకోచోట తెగింది.

"ఎందుకు తెగింది?"

"బరువెక్కువైందండీ."

"ఇంకోటి ఉందా?"

"లేదండీ. ఇంతకంటే లావుది మా దగ్గర లేదు."

త్రినాథ్ అతని ముఖంలోకి చూశాడు. "పద. షాపుకి పోయి చూద్దాం."

షాపు ముందు షహనాజ్ నిలబడి ఉంది. ఆదివారం బట్టీ సెలవు. అన్నకి అన్నం క్యారేజీ తెచ్చి, తనే తాళం తీసి, రాలిపడ్డ చువ్వలు ఏరి డబ్బాలో వేస్తోంది. పెద్దమనిషి వచ్చాడని కొంగు సర్దుకుంది.

"తంగూసు కావాలమ్మా, బాగా గట్టిది," అన్నాడు త్రినాథ్, హయాత్ వైపు చూడకుండా. "నిన్న బయట వేలాడేది ఇచ్చాడు మీవాడు. తెగిపోయింది."

"బయటదా?" షహనాజ్ ఆశ్చర్యపోయింది. "అన్నా, ఎండ తినేసింది కదా అది! మర్చిపోయావా?" అని నొచ్చుకుంటూ లోపలికి వెళ్లి, హయాత్ నోరు పెగిలేలోపే పెట్టె తెరిచి కొత్త చుట్ట తెచ్చింది. "ఇది తీసుకోండి. కొర్రమీను కాదు కదా, దూడ తగులుకున్నా తెగదు. మా ఆయన అయితే ఇది తప్ప ముట్టుకునేవాడు కాదు."

త్రినాథ్ చెయ్యి చాపాడు. చాపి, "మీ ఆయన పేరేంటమ్మా?" అన్నాడు, మర్యాదకి అడిగినట్టే.

"బాషా అండీ. మీ క్వారీలోనే డ్రిల్లరు."

ఆ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆ పేరు అతనికి తెలుసని హయాత్‌కి అర్థమైంది. అంతకంటే ముందు, చుట్ట పట్టుకున్న చెల్లెలి వేళ్లు కనిపించాయి. సున్నానికి పగిలి, పుళ్లు పడి, ఉంగరం ఉన్న చోట గుడ్డపీలిక కట్టి ఉన్నాయి. ఆ వేళ్లతోనే ఆమె తన మొగుణ్ని రెండోసారి పోగొట్టుకోబోతోంది.

"ఇవ్వకు," అన్నాడు హయాత్.

"ఏంటన్నా?"

"ఇవ్వకు షహనాజ్. బాషా ఎక్కడికీ పోలేదు." గొంతు తనది కాదన్నంత గట్టిగా వచ్చింది. పక్కన టీకొట్టు దగ్గరివాళ్లు తలలు తిప్పారు. "ఏ ఆడదానితోనూ పోలేదు. నిన్నొదిలి పోలేదు. నాలుగో నంబరు నీళ్లలో ఉన్నాడు. ఇందాకే చూశా. నేను ట్యూబు చుట్టిన రాడ్డు చూశా."

షహనాజ్ ఏడవలేదు. త్రినాథ్‌ని చూసింది, అన్నని చూసింది. చుట్టని రెండు చేతులతో గుండెకి అదుముకుంది. త్రినాథ్ వీధిలోకి నడిచి, సెల్‌ఫోను చెవికి పెట్టుకున్నాడు.

"పద," అంది షహనాజ్.

ఆ మధ్యాహ్నం వెళ్లి, సోమవారం దాకా ఎవరూ నీళ్లలో దిగకుండా నాలుగో నంబరు బాట మొదట్లో కూర్చుంది. హయాత్ ఆమె వెనక, రోడ్డుకి అడ్డంగా కూర్చున్నాడు. టీకొట్టు దగ్గర విన్నవాళ్లు నలుగురొచ్చారు, సాయంత్రానికి బట్టీ ఆడవాళ్లు ఇరవైమంది వచ్చారు, పంపు దగ్గర గొంతు తగ్గించుకున్నవాళ్లు కూడా. కాంట్రాక్టరు జీపు రెండుసార్లు వచ్చి, దూరంగా ఆగి, లైట్లు వేసి, వెనక్కి పోయింది. మూడోసారి వచ్చి ఆగింది, తెల్లారేదాకా పోలేదు. అందులో ఎందరున్నారో తెలియలేదు. హయాత్‌కి భయం తగ్గలేదు. భయపడుతూనే కూర్చున్నాడు.

సోమవారం ఎనిమిదింటికి ఫ్యాక్టరీ వాళ్ల మోటార్లు మొదలయ్యాయి. ఎదురు గోడమీద తడిచార జానెడు జానెడు పెరుగుతోంది. మధ్యాహ్నానికి, గుంత నడుమ, ఆకుపచ్చ నీళ్లలో నీలం రంగు మసగ్గా కనిపించింది. షహనాజ్ లేచి నిలబడింది.

"చూడండి," అంది వెనకున్న ఆడవాళ్లతో. "నేను చెప్పలేదూ?"