ఎవరి కంచం వాళ్ళది

మా ఆయన కంచంలోనే చెయ్యి కడుక్కుంటారు. మెతుకులూ కరివేపాకూ ములక్కాడ పిప్పీ తేలుతుండగా గ్లాసుడు నీళ్ళు అందులో ఒంపేసి, లేచి టీవీ ముందుకి వెళ్ళిపోతారు. ఆ నీళ్ళు తొణక్కుండా కంచాన్ని పెరట్లోకి మోసుకెళ్ళడం నా విద్య. పెళ్ళయిన కొత్తలో ఒకసారి, "కాస్త పెరట్లో కడుక్కోకూడదాండీ" అన్నాను. మా అత్తగారు బుగ్గన చెయ్యి పెట్టుకుని, "మగాడు తన ఎంగిలి కంచం తనే ఎత్తుకునే కొంపలో లక్ష్మి నిలవదమ్మాయ్" అన్నారు. అప్పటికే నా జీతం నెలనెలా వచ్చి ఆ కొంపలోనే పడుతోంది. మరి లక్ష్మి అంటే ఇంకెవరో నాకు తెలియదు.

నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని. కాకినాడలో బస్సెక్కి ద్రాక్షారామం దాటి వెళ్ళాలి. ఆ బస్సు అందుకోవడానికి పొద్దున్నే ఇంట్లో ఏమేం చేసి బయటపడతానో చెప్పక్కర్లేదు, ఆడ టీచర్లందరికీ తెలుసు. స్కూళ్ళలో ఎకో క్లబ్బులు పెట్టమని పైనుంచి ఆర్డరు రాగానే మా హెడ్మాస్టారు చంద్రరావుగారు స్టాఫ్‌రూమంతా కలయజూసి, "సూర్యకళగారూ, మీరు చూసుకోండి. చెత్తాచెదారం సంగతి ఆడవాళ్ళకి తెలిసినట్టు మాకేం తెలుస్తుందండీ" అన్నారు. మాస్టార్లు హాయిగా నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి చెప్తే మా ఆయన, "ఇంట్లో ఊడ్చేది చాలక ఊళ్ళో కూడా ఊడుస్తావా" అన్నారు.

ఆ క్లబ్బుని నడిపింది మాత్రం నేను కాదు, పదో తరగతి హెలెన్. మొదటి మీటింగులోనే లేచి నిలబడింది.

"కిందటి కార్తీకం వనభోజనాల్లో మనం థర్మోకోల్ ప్లేట్లలో తిన్నాం కదండీ. అవెక్కడికెళ్ళాయో మీకు తెలుసాండీ?"

నాకు తెలియదు.

"ట్రాక్టర్లో తెచ్చి మా పేట వెనక మురుగుకాలవలో పారబోశారండి. తర్వాత తుఫాను వానకి తూము పూడుకుపోయి, ఆ నీళ్ళన్నీ మా ఇళ్ళల్లోకి వచ్చేశాయండి. మా మామ్మ జ్ఞానమ్మ తూములోకి దిగి చేత్తో తీసింది. మన ఎంగిలేనండి అది."

నాకు తలెత్తబుద్ధి కాలేదు. ఈసారి అరిటాకులు వేద్దామన్నాను.

"ఆకైనా ఎవరో ఒకరు ఎత్తాలి కదండీ" అంది హెలెన్. "ఎవరి కంచం వాళ్ళు ఇంటి దగ్గర్నించి తెచ్చుకుని, ఎవరిది వాళ్ళు కడుక్కుంటే ఎత్తే పనే ఉండదు కదండీ."

ఇంత చిన్నమాట నా బుర్రకి తట్టనే లేదు. క్లబ్బు పిల్లలందరూ "ఆయ్" అన్నారు. తరగతి తరగతికీ తిరిగి చెప్పొచ్చారు.

మర్నాడే ఒక తండ్రి మోటారుసైకిల్ మీద వచ్చి, "మావాడి చేత అంట్లు తోమిస్తారేంటండీ" అని హెడ్మాస్టారి గదిలో గొడవపెట్టుకున్నాడు. అతను వెళ్ళగానే నాకు పిలుపొచ్చింది.

"కంచాలు తెచ్చుకోమనండి, బాగానే ఉంది. కడగడం మాత్రం ఆడపిల్లలు చూసుకుంటారు లెండి, వాళ్ళకి అలవాటే. స్టాఫ్‌వి ఆ హెలెన్ బ్యాచికి ఇచ్చేయండి. కాదంటే చెప్పండి, మళ్ళీ ఆ ప్లేట్లే తెప్పించేస్తాను."

ఆ ప్లేట్లంటే మళ్ళీ ఆ తూమే, మళ్ళీ ఆ ముసలమ్మే. అయినా "అలాగేనండి" అని వచ్చేశాను. హెలెన్‌కి చెప్పలేదు. మగపిల్లల సంగతి అప్పటికి చూసుకోవచ్చు, స్టాఫ్ కంచాలు గుట్టుచప్పుడు కాకుండా నేనే కడిగేస్తే సరిపోతుంది అనుకున్నాను. ఛీ, ఎంత తెలివో! లోకంలో ఏ గొడవొచ్చినా నా రెండు చేతులతో తోమేసి తీర్చేద్దామనుకోవడం నాకో జబ్బు.

వనభోజనాలు మామిడితోటలో. పిల్లలు పులిహోరా గుమ్మడికాయ పులుసూ తిని, ఎవరి కంచం వాళ్ళు పట్టుకుని బోరింగు పంపు దగ్గర వరస కట్టారు. హెలెన్ ఎవర్నీ అదిలించలేదు, పక్కన నిలబడి పంపు కొట్టింది, అంతే. ఆ మోటారుసైకిల్ తండ్రి కొడుకు కూడా పీచూ బూడిదా పట్టుకుని, "నాది చూడ్రా, మొహం కనబడుతోంది!" అని ఒకటే అరుపులు. అంట్లు తోమడంలో అంత సరదా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

తర్వాత స్టాఫ్ కూర్చున్నాం. హెడ్మాస్టారు తృప్తిగా తిని, గ్లాసుడు నీళ్ళు కంచంలో ఒంపి, అందులోనే చెయ్యి కడుక్కుని, కుర్చీలోకి వెళ్ళి వక్కపొడి నోట్లో వేసుకున్నారు. అచ్చం మా ఆయనే.

నేను సగం అన్నంలో లేచాను. ఆలోచించి లేవలేదు, ఒట్టు. నా ఎడమచెయ్యి దానంతటదే వెళ్ళి ఆ కంచం అంచు పట్టుకుంది. అదీ నీళ్ళు తొణక్కుండా.

"టీచరుగారండీ, అది మీ కంచం కాదండి."

హెలెన్ మెల్లిగానే అంది. పంపు చప్పుడు ఆగిపోయింది. పిల్లలందరూ నా చేతివంకే చూస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ వెనకే కోపం వచ్చింది, ఎన్నాళ్ళదో.

హెలెన్ హెడ్మాస్టారి వైపు తిరిగి, "మీ కంచం మర్చిపోయారండి. పంపు దగ్గర ఖాళీగానే ఉందండి" అంది, ఎంతో మర్యాదగా.

"సూర్యకళగారూ!" అన్నారాయన. ఆ పిల్ల నోరు మూయించమని.

నేను కంచం కింద పెట్టేశాను. "పిల్లలు పెట్టుకున్న రూలండి. స్టాఫ్‌కి కూడా అదేనండి" అన్నాను. నా కంచం తీసుకుని పంపు దగ్గరికి నడిచాను. ఆయన కంచం చుట్టూ కాకులు చేరాయి. బయల్దేరేటప్పుడు ఆయన, "సోమవారం మాట్లాడదాం మీ క్లబ్బు సంగతి" అన్నారు. "మాట్లాడదామండి" అన్నాను. ఆ ప్లేట్లు మళ్ళీ తెప్పిస్తానంటే, ఈసారి మీ పెరట్లో పారబోద్దామండీ అని చెప్పడానికి బస్సులోనే సిద్ధపడ్డాను.

అంతలోనే ఇల్లు గుర్తొచ్చి నీరసం వచ్చింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే నేనే.

ఇంటికెళ్ళి వంట చేశాను. మా ఆయన తిన్నారు, కంచంలో చెయ్యి కడిగారు, టీవీ ముందుకెళ్ళారు. నేను తిని, నా కంచం కడిగి, బోర్లించి వచ్చి కూర్చున్నాను.

"అదేంటమ్మాయ్, వాడి కంచం అక్కడే ఉండిపోయింది" అన్నారు అత్తగారు.

వార్తలయ్యాక మా ఆయన మంచినీళ్ళ కోసం వచ్చి, నేలమీద కంచాన్ని చూసి, నన్ను చూశారు.

"ఏంటి, ఒంట్లో బాలేదా?"

కిందటేడు నేను టైఫాయిడ్‌తో మంచమెక్కితే, "మరి వంటెలాగ" అన్నారు తప్ప ఈ మాట అడగలేదు. కంచం ఎత్తకపోయేసరికి అడిగారు.

"బాగానే ఉందండి" అన్నాను. "పెరట్లో కుళాయి దగ్గర ఖాళీగానే ఉంది."