మైకక్క గొంతు వినని చెయ్యి

ఆగండాగండి, అప్పుడే పేజీ తిప్పెయ్యకండి. ముందు ఈ సంగతి వినండి. తప్పెవరిదో తర్వాత మీరే చెబుదురుగాని.

బస్టాండులో మైకు ముందు కూర్చుని వచ్చే బస్సులూ పోయే బస్సులూ చెప్పిన మనిషి ఆమె. అందరూ మైకక్క అనేవారు. ఆమె నోరు విప్పిందంటే చాలు, జనం సంచులు చంకన పెట్టుకుని పరుగో పరుగు! అలాంటి మనిషిని పక్షవాతం రెండుసార్లు కొట్టింది. చేతులు రెండూ చచ్చుబడ్డాయి, నాలుక మొద్దుబారింది. ఇప్పుడు తమ్ముడింట్లో, వంటగదిలో బల్ల పక్కన, కుర్చీలోనే ఆమె రోజంతా.

తమ్ముడు చెడ్డవాడేం కాదు. అడిగితే నీళ్ళు పడతాడు. చిక్కంతా ఆ అడగడం దగ్గరే. "వస్తున్నానక్కా, రెండు నిమిషాలు" అంటాడు. ఆ రెండు నిమిషాలు ఎంతకీ కావు. అడగలేక, పొద్దున్నించీ గొంతు ఎండబెట్టుకుని కూర్చోవడం అలవాటు చేసుకుంది.

అందుకే వైద్యకేంద్రం వాళ్ళు రోబో చెయ్యి ఇస్తామంటే ఆమె మొహం చాటంతయింది. దాన్ని బల్లకు బిగిస్తారు. నోటితో చెబితే చాలు, గ్లాసు పట్టుకుని పెదాల దాకా తెస్తుంది. ఇక ఎవర్నీ బతిమాలక్కర్లేదు!

బిగించిన రోజు ఏం జరిగిందో తెలుసా? ఆ చేతికి ఒక్క గొంతే నేర్పాలట. లేకపోతే టీవీలో ఎవడు నీళ్ళన్నా లేచి కూర్చుంటుందట. బిగించడానికి వచ్చినతను "ఇంటి యజమాని ఎవరండీ?" అన్నాడు. తమ్ముడు ముందుకొచ్చి గొంతు సవరించుకున్నాడు. చెయ్యి ఆ గొంతే నేర్చేసుకుంది. అంతే! కుర్చీలో ఉన్న మనిషి వైపు ఒక్కడైనా చూస్తేగా!

ఇక చూడండి తమాషా. పక్కింటివాళ్ళు వస్తే తమ్ముడు దర్జాగా "నీళ్ళు" అంటాడు. చెయ్యి లేస్తుంది. అందరూ చప్పట్లు! తమ్ముడు దుకాణానికి వెళ్ళాక మైకక్క "నీ...ళ్ళు" అంటే మాత్రం అది ఉలకదు, పలకదు. గ్లాసు ఎదురుగానే ఉంటుంది. ఇదివరకు తమ్ముడిని అడిగితే సరిపోయేది. ఇప్పుడు తమ్ముడిని అడిగి, అతనిచేత యంత్రాన్ని అడిగించాలి. కడుపు మండదూ?

చెయ్యి ఎలా పనిచేస్తోందో చూడ్డానికి కేంద్రం నుంచి ఒకావిడ వచ్చినప్పుడు మైకక్క పట్టుబట్టింది.

"నా... గొంతు... పెట్టు."

"భేషుగ్గా పెట్టొచ్చు పిన్నిగారూ. మీరెలా పలికితే అలాగే నేర్చుకుంటుంది. మొదట్లో కాస్త తికమకపడి నీళ్ళు ఒలకబోస్తుందంతే."

"ఎందుకండీ లేనిపోని గొడవ?" అన్నాడు తమ్ముడు. "ఇల్లు చెరువు చేస్తే తుడిచేదెవరు? నేనున్నాగా!"

"నువ్వు... దుకాణంలో... ఉంటావ్."

"ఫోన్ చెయ్యక్కా!"

"ఏ చేత్తో... రా?"

కేంద్రం ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. తమ్ముడి మొహం కందగడ్డలా అయింది.

"నా గొంతు తీసేస్తే ఈ చెయ్యి నా బల్ల మీద ఉండదు. విప్పి పట్టుకుపొండి! ఇన్నాళ్ళూ నేను చెయ్యలేదా? తాగించలేదా, తినిపించలేదా?"

చేశాడు, కాదన్నదెవరు? కానీ అక్క తనంతట తాను ఒక్క గుక్క తాగితే ఆయనగారి సొమ్మేం పోయింది?

కేంద్రం ఆవిడ కుర్చీ పక్కన కూర్చుంది. "పోనీ ఆయన గొంతే ఉంచేద్దామా పిన్నిగారూ? ఆయన ఉన్నప్పుడైనా పనికొస్తుంది. పట్టుకెళ్ళిపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. మళ్ళీ దొరకదు."

మైకక్క తమ్ముడి వైపు చూసింది. ఒక్కో మాటా కూడదీసుకుంది.

"వాడి మాట... వినే చేతులు... వాడికి రెండున్నాయి. మూడోది... ఎందుకు? నా మాట... వింటే ఉంచు. లేకపోతే... విప్పు."

తమ్ముడు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. కేంద్రం ఆవిడ సంచిలోంచి స్క్రూడ్రైవరైతే తీసింది గానీ, అది చేతిలో అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు చెప్పండి. ఆవిడ స్థానంలో మీరుంటే ఆ చెయ్యి విప్పేస్తారా, తమ్ముడి గొంతు చెరిపేస్తారా?